జూలై నాలుగునాటి తీపి వంటకము



బిడ్డలను అమెరికా దేశమునకు పంపిన తెలుగు తల్లిదండ్రులు నేడు వేలకొలదిగా ఉన్నారు. వారిలో అనేకులు వేసవిలో అక్కడకు పోయి, మనుమల నడుమ కొన్ని మాసములు గడపి వచ్చుచుందురు. అట్టివారికి జూలై నాలుగవ తేదీ తప్పక ఎదురగును. 1776వ సంవత్సరమున ఆ దినమున ఫిలడెల్ఫియా నగరములో సమావేశమైన ప్రతినిధులు తమ స్వాతంత్ర్య ప్రకటనమును అంగీకరించిరి. 1870లో అమెరికా కాంగ్రెసు ఆ దినమును సెలవుగా శాసనము చేసినది. పగలు పెరటిలో వంటలు, చీకటిపడిన తరువాత బాణసంచా, ఆపైన నెగడు చుట్టును చేరి తీపి తినుట అక్కడి ఆచారము. ఆ తీపిని గురించియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

దాని పేరు స్మోర్. "ఇంకా కొంచెము" అని అర్థమిచ్చు రెండు ఆంగ్ల పదములు పిల్లల నోట అరిగి అరిగి ఒక్క పదమైనవి. 1912లో జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణమున జూలియెట్ గార్డన్ లో అను మహిళ ప్రారంభించిన గర్ల్ స్కౌట్ సంస్థ, 1927లో వెలువరించిన ఒక చేతిపుస్తకమున ఈ వంటకమును వివరించినది. మార్ష్‌మెలో అను మెత్తని తెల్లని మిఠాయిని పుల్లకు గ్రుచ్చి నిప్పుసెగను కాచవలెను. అది పొంగి పైపొర బంగారువన్నె తిరుగగానే, ఒక చాక్లెట్ ముక్కతో కూడ రెండు బిస్కత్తుల నడుమ పెట్టి అదుమవలెను. ఆ వేడికి చాక్లెట్ కరగును. ఇంతే వంట. దీనిని చేయుటకు వంటయిల్లు అక్కరలేదు, పాత్ర అక్కరలేదు.

అయితే ఇటీవలి వేసవులలో అమెరికా పశ్చిమ రాష్ట్రములందు ఎండిన అడవులకు నిప్పు అంటుకొనుట తరచైనది. అందుచేత ప్రమాదకరమైన దినములలో ఆరుబయట నెగళ్లు వేయుటను అధికారులు నిషేధించుచుందురు. నెగడు లేనినాడు పిల్లలను నిరాశపరుపనేల? ఆ మూడు వస్తువులనే ఒక ఇనుప మూకుడులో చేర్చి, ఓవెనులో వేడిచేసి, బల్లనడుమ ఉంచి, చుట్టును కూర్చుండి బిస్కత్తులతో అద్దుకొని తినుట గృహిణులు అలవాటు చేసికొనిరి. పుల్ల పోయి మూకుడు వచ్చినది. రుచి మాత్రము అదియే.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో కాపురముండును. మొదటిసారి నేను పోయిన సంవత్సరము జూలై నాలుగున ఇరుగుపొరుగు వారందరును మా యింట చేరిరి. మూకుడు బల్లపైకి వచ్చినది. ఆరేండ్ల మా మనుమడు బిస్కత్తుతో ఇంత ముద్ద తీసి, "అమ్మమ్మా, ముందు నీకే" అని నా నోటికి అందించెను. నేను బాల్యమునుండి శాకాహారిని. ఆ తెల్లని మిఠాయిలో జంతువుల చర్మముతోడను ఎముకలతోడను తీసిన పదార్థమున్నదని అంతకు ముందుదినమే విని యుంటిని. ముఖము త్రిప్పుకొంటిని. వాడేమియు అనలేదు. ఆ ముద్ద తానును తినక, తిరిగి పళ్లెములో పెట్టి వెడలిపోయెను. పసివాని మనస్సు నొచ్చినదని నాకు తెలియును; నా నియమము విడువజాలననియు తెలియును. ఈ రెంటికిని పొత్తు ఎట్లు కుదురును అన్న ప్రశ్నయే నన్ను ఈ వంటకమును గురించి తెలిసికొనునట్లు చేసినది. తెలిసికొన్నది మీకును పనికివచ్చునని చెప్పుచున్నాను.

మొదట మార్ష్‌మెలో సంగతి. ఇది పుట్టుకతో శాకాహారమే. యూరపు ఖండములోని తేమనేలలలో పెరుగు ఒక మొక్కకు ఆ పేరు. యునానీ వైద్యులు దానినే ఖత్మీ అందురు. మన బెండ, గోంగూర, మందారము, ప్రత్తి ఏ కుటుంబమునకు చెందినవో, ఆ మొక్కయు ఆ కుటుంబమునకే చెందినది. బెండకాయ కోసినప్పుడు చేతికి అంటు జిగురు వంటిదే దాని వేరునందును కలదు. పూర్వము గొంతునొప్పికిని దగ్గునకును ఆ జిగురును మందుగా వాడిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మిఠాయివారు ఆ జిగురులో పంచదారయు గ్రుడ్డు తెల్లసొనయు చేర్చి నురుగువచ్చునట్లు గిలకొట్టి మిఠాయి చేసిరి. ఆ పని శ్రమతో కూడినది. కనుక క్రమముగా వేరు పోయి, దాని స్థానమున జెలటిన్ వచ్చినది. నేడు అంగళ్లలో దొరకు మార్ష్‌మెలోలో ఆ మొక్క పేరు తప్ప మొక్క లేదు.

జెలటిన్ అనగా పంది, పశువు మొదలగు జంతువుల చర్మములను, ఎముకలను ఉడికించి తీసిన మాంసకృత్తు. దాని గుణము విచిత్రమైనది. చల్లని స్థితిలో గట్టిపడి నిలుచును. సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. మన నోటివేడి దానికి చాలును. మార్ష్‌మెలో పరిమాణములో దాదాపు సగము గాలియే. పంచదార పాకములో ఆ గాలిబుడగలను జెలటిన్ పట్టి ఉంచును. వేడి తగిలినప్పుడు గాలి వ్యాకోచించును, జెలటిన్ మెత్తబడును. అందుచేత మిఠాయి పొంగును. పైపొరలోని పంచదార మాడుటకు ముందు ఎఱ్ఱబడి, కమ్మని వాసన నిచ్చును. చల్లారినచో గాలి ముడుచుకొని, పొంగు అణగిపోవును. కనుకనే ఈ వంటకమును వేడిగా ఉన్నప్పుడే తినవలెను.

శాకాహారులకు మార్గము లేకపోలేదు. సముద్రపు నాచునుండి తీసిన పదార్థములతో చేసిన మార్ష్‌మెలోలు నేడు అమ్మకమునకు వచ్చినవి. మన యిండ్లలో చైనా గ్రాస్ అని పిలుచు అగర్ అట్టి పదార్థమే. అయితే జెలటిన్ కరగునంతటి స్వల్పమైన వేడికి అగర్ కరగదు. దానికి సుమారు 85 డిగ్రీలు కావలెను. ఇతర నాచు పదార్థముల నడవడి వేరు. కొన్ని రకములు చాలసేపు ఆకారము విడువవు. కొన్ని ఒక్కసారిగా నీరగును. కనుక అతిథులు వచ్చుటకు ముందే ఒక్క దానిని పరీక్షించి చూచుట మంచిది.

కొనునప్పుడు మెలకువ అవసరము. మన దేశమున ఆహారపు పొట్లములపై శాకాహారమునకు ఆకుపచ్చ చుక్క ఉండును. అమెరికాలో అట్టి గుర్తు తప్పనిసరి కాదు. పొట్లము వెనుక చిన్న అక్షరములలో ముద్రించిన పదార్థముల పట్టికను చదువవలెను. యూదుల ఆహార నియమమును తెలుపు కోషర్ ముద్ర ఉన్నంత మాత్రమున శాకాహారమని అనుకొనరాదు. చేపలనుండియు, నియమానుసారముగా వధించిన పశువులనుండియు తీసిన జెలటిన్‌కు ఆ ముద్ర ఉండవచ్చును.

ఇక రెండవది చాక్లెట్. ఇది మన గోదావరి సీమవారికి పరాయి వస్తువు కాదు. కొబ్బరితోటలలోను, ఆయిల్‌పామ్ తోటలలోను చెట్ల నీడను కోకో మొక్కలు పెంచు రైతులు అక్కడ అనేకులు కలరు. భారతదేశమున కోకో పండించుటలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానము. కోకో గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి నూరిన ముద్దలో కోకో కొవ్వు ఉండును. 1828లో హాలెండు దేశస్థుడగు వాన్ హౌటెన్ ఆ కొవ్వును యంత్రముతో పిండి వేరుచేయు పద్ధతిని కనుగొనెను. అట్లు వేరైన కొవ్వును పంచదారతో, కోకో ముద్దతో తిరిగి కలిపి, 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమందలి ఫ్రై సంస్థవారు కొరికి తిను చాక్లెట్ పలకను పోతపోసిరి. కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీల వద్ద కరగును. మన బెజవాడ ఎండలలో అలమారలోని చాక్లెట్ ముద్దయగుటకు కారణమిదియే.

మూడవది గ్రాహమ్ బిస్కత్తు. సిల్వెస్టర్ గ్రాహమ్ అను మతబోధకుడు 1794 మొదలు 1851 వరకు జీవించెను. మాంసము విడువవలెననియు, పొట్టుతీయని గోధుమపిండినే తినవలెననియు, ఆహారము సాదాగా ఉండవలెననియు ఆయన ఊరూర బోధించెను. ఆయన పేరు పెట్టుకొన్న బిస్కత్తు నేడు పంచదార, తేనె చేర్చుకొని ఈ తీపి వంటకములో చేరినది. ఆయన చూచినచో ఏమనునో గాని, ఆ గోధుమరుచియే ఈ తీపిని మొగము మొత్తకుండ కాపాడుచున్నది.

ఇప్పుడు చేయు విధానము. కాగితము, కలము తెచ్చికొనుడు, నెమ్మదిగా చెప్పెదను. ఈ కొలతలు 8 మందికి చాలును.

కొద్దిగా చేదుగల నల్లని చాక్లెట్ 250 గ్రాములు. చిక్కని క్రీము 120 మిల్లీలీటర్లు, అనగా అమెరికా కొలతలో అర కప్పు. వెన్న ఒక చెంచా. ఉప్పు ఒక చిటికెడు. పెద్ద మార్ష్‌మెలోలు 15. అద్దుకొనుటకు గ్రాహమ్ బిస్కత్తులు రెండు డజనులు. ఆపిల్, అరటి, స్ట్రాబెరీ ముక్కలు. పాత్ర 20 సెంటీమీటర్ల వెడల్పుగల పోతఇనుప మూకుడు. అది లేనిచో ఓవెనుకు తట్టుకొను పింగాణి పాత్ర చాలును.

ముందుగా ఓవెనును 230 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా 450 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు వేడి చేయవలెను. చాక్లెట్‌ను శనగబద్దలంత ముక్కలుగా తరుగవలెను. మార్ష్‌మెలోలను కత్తెరతో అడ్డముగా రెండేసి ముక్కలు చేయవలెను. కత్తెరను అప్పుడప్పుడు నీట ముంచి తుడిచినచో అంటుకొనదు.

మూకుడుకు వెన్న రాచి, క్రీము పోసి, సన్నని సెగపై ఉంచవలెను. అంచుల వెంట చిన్న బుడగలు కనబడగానే పొయ్యి ఆర్పవలెను; తెర్లనీయరాదు. తరిగిన చాక్లెట్, ఉప్పు అందులో వేసి, రెండు నిమిషములు కదపక ఉంచవలెను. పిమ్మట గరిటెతో నడుమనుండి అంచులకు మెల్లగా కలిపినచో, నల్లని పట్టువంటి నిగనిగ వచ్చును. దానిపై మార్ష్‌మెలో ముక్కలను కోసిన వైపు క్రిందకు ఉండునట్లు, సందు లేకుండ పేర్చవలెను.

మూకుడును ఓవెనులో పై అరలో ఉంచి, 5 మొదలు 7 నిమిషములు వేడి చేయవలెను. మూడవ నిమిషము దాటిన తరువాత ఆ చోటు విడిచి పోరాదు. తెలుపు బంగారువన్నె అగుటకును, బంగారువన్నె బొగ్గు అగుటకును నడుమ అరనిమిషము కూడ ఉండదు. శిఖరములు ఎఱ్ఱబడగానే తీసి, అయిదు నిమిషములు ఆగి, బల్లమీదకు తేవలెను.

ఈ పనిలో నాకు జరిగిన పొరపాటును చెప్పుట మీకు మేలు. మరుసటి సంవత్సరము జూలై నాలుగున, మా అమ్మాయి నాచుతో చేసిన మార్ష్‌మెలోలు ముందే తెప్పించి, "అమ్మా, ఈసారి నీవే చేయవలెను" అన్నది. ఆనాడు క్రీము సమయమునకు దొరకలేదు. చాక్లెట్‌ను మాత్రమే కరగించి, చిక్కగా ఉన్నదని తోచి, పప్పులో పోసినట్లు రెండు చెంచాల నీరు పోసితిని. పోయగానే అది ఇసుకముద్దవలె బిగిసిపోయినది. మనుమడు ప్రక్కనే నిలిచి చూచుచుండెను. "ఇది కూడ తినవా, అమ్మమ్మా?" అని అడిగెను. వాడు సంవత్సరము నాటి మాటను మరువలేదు.

అట్లు బిగియుటకు కారణము తరువాత తెలిసినది. కరగిన చాక్లెట్‌లో పంచదార రేణువులును కోకో రేణువులును కొవ్వులో తేలుచుండును. కొద్దిపాటి నీరు తగిలినచో పంచదార తడిసి జిగటయై, రేణువులు ఒకదానికొకటి అంటుకొనును. విశేషమేమనగా, దానికి విరుగుడు ఇంకను ఎక్కువ ద్రవమే. తడి చాలినంత ఉన్నప్పుడు పంచదార అందులో కరగి, ముద్ద విడివడును. పొరుగింటి ఇల్లాలు వచ్చి గోరువెచ్చని పాలను చెంచా తరువాత చెంచాగా పోసి కలిపించినది. ఆరేడు చెంచాలు పోసిన పిదప మరల నిగనిగ వచ్చినది. కావున చాక్లెట్‌కు తడి తగులనీయరాదు. తగిలినచో భయపడి పారవేయనక్కరలేదు.

ఆ రాత్రి నేను మొదటి ముద్ద తీసి మనుమని నోటికి అందించితిని. వాడు నోరు తెరువలేదు. "ముందు నీవు" అనెను. తింటిని. అప్పుడు వాడు తినెను. నాచు మార్ష్‌మెలో అంతగా పొంగలేదు. ఆ లోపము మాకెవ్వరికిని కనబడలేదు.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. పోతఇనుము వేడిని చాలసేపు విడువదు. బల్లపై పెట్టిన తరువాత పావుగంట వరకు దాని పిడి చేయి కాల్చును. పిడికి మందపు గుడ్డ చుట్టి, పాత్ర క్రింద చెక్కపీట ఉంచవలెను. కరగిన పంచదార చర్మమునకు అంటుకొని ఊడదు కనుక దాని కాలుడు వేడినీటి కాలుడుకంటె తీవ్రమైనది. పిల్లలకు చిన్న గిన్నెలలో వేరుగా తీసి, చల్లార్చి ఇచ్చుట ఉత్తమము. మరీ పసిబిడ్డలకు మార్ష్‌మెలో ముక్కలుగా ఈయరాదు. గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. ఇంట కుక్క ఉన్నచో మూకుడు దానికి అందరాదు; చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకు విషము. మధుమేహము గలవారికి ఇది తగిన ఆహారము కాదని వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి వారికొరకు బల్లపై పండ్లముక్కలు, వేరుసెనగ పలుకులు ఉంచినచో వారును పంక్తిలో కూర్చుండగలరు.

మన దేశమున ఓవెను లేని యిండ్లవారును దీనిని చేయవచ్చును. అడుగు మందముగల గిన్నెలో చాక్లెట్, క్రీము పైని చెప్పినట్లే కలిపి, మార్ష్‌మెలోలు పేర్చి, మూతపెట్టి, మిక్కిలి సన్నని సెగపై నాలుగైదు నిమిషములు ఉంచినచో అవి మెత్తబడును. ఎఱ్ఱదనము మాత్రము రాదు. గ్రాహమ్ బిస్కత్తునకు బదులు గోధుమపొట్టు గల డైజెస్టివ్ బిస్కత్తు సరిపోవును. మిగిలిన దానిని మూతపెట్టి చల్లని చోట ఉంచి, మరునాడు ఒకటి రెండు చెంచాల పాలు చేర్చి తిరిగి వెచ్చచేసికొనవచ్చును. పైపొంగు మరల రాదు.

చివరగా ఒక్క మనవి. పరదేశమున ఉన్న మన పిల్లలు ఇట్టి వంటకము చేసి అతిథులను పిలిచినప్పుడు, అందులో ఏమున్నదో అడుగకముందే చెప్పుట మర్యాద. తినని పెద్దలును ముఖము త్రిప్పుకొనుటకు బదులు, కారణమును నోటితో చెప్పవలెను. మొదటి సంవత్సరము నేను మనుమనికి రెండు మాటలలో ఆ సంగతి చెప్పియుండినచో, వాడు తన ముద్దను పళ్లెములో విడిచి పోయెడివాడు కాడు. ఆరేండ్ల బిడ్డకు నియమము అర్థమగును. అలక అర్థము కాదు.

ఈ వేసవిలో మీ బిడ్డల యిండ్లకు పోవు వారెవరైన ఉన్నచో, వారికి శుభప్రయాణము.